సంభాషణల్లో ఆశ్చర్యార్థకం: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి

చదివే మిగతావారికీ అర్థం కావాలి కాబట్టి ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. "సంభాషణల్లో ఆశ్చర్యార్థకాలు మరీ ఎక్కువ" అన్న ఒక్క వాక్యంతో ఒక వారపత్రిక మీ కథను తిప్పి పంపింది. మీరు వాటన్నింటినీ తీసేసి చూసుకుంటే పాత్రలు నీరసంగా మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఇంతకీ ఎన్ని ఉండవచ్చు, రెండు మూడు కలిపి పెట్టవచ్చా, "!?" తప్పా, చుక్కల సంగతి ఏమిటి అని అడిగారు. కథలు చదివి, దిద్ది, అచ్చుకు పంపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గుర్తులు తీసేయగానే మాటలు నీరసించాయంటే, ఆ కోపమూ ఆ కంగారూ మొదటి నుంచీ మాటల్లోకి రాలేదన్నమాట. గుర్తు ఉన్నంతసేపూ ఆ లోటు మీకు కనపడలేదు. కాబట్టి గుర్తులు తీసేసి ఆగిపోకండి, అక్కడి నుంచి వాక్యాన్ని మళ్లీ రాయండి. తెలుగులో ఆ పని చేయడానికి ఉన్నన్ని వసతులు చాలా భాషల్లో లేవు. మనం వాటిని వదిలేసి నిలువు గీత మీద, దాని కింది చుక్క మీద ఆధారపడుతున్నామని నా బాధ.

ఇంగ్లీషు రచయితకు పెద్ద అక్షరాలున్నాయి, వాలు అక్షరాలున్నాయి. ఒక మాటను నొక్కి పలికించాలంటే దాన్ని వాల్చి అచ్చు వేస్తాడు. అరుపైతే మొత్తం పెద్ద అక్షరాల్లో పెడతాడు. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా లేదు. గుండ్రటి అక్షరాలను పక్కకు వాల్చితే చూడటానికి బాగుండవు. సంభాషణ మధ్యలో ఒక మాటను లావుగా అచ్చు వేస్తే పాఠ్యపుస్తకంలా ఉంటుంది. ఇంగ్లీషు నవలలు బాగా చదివినవాళ్లు తెలుగులో రాయడానికి కూర్చున్నప్పుడు ఈ లోటు తడుతుంది. ఆ బరువంతా తీసుకెళ్లి ఆశ్చర్యార్థకం నెత్తిన పెడతారు. నిజానికి లోటేమీ లేదు. ఇంగ్లీషువాడు అచ్చులో చూపించేదాన్ని మనం మాట చివర పలికిస్తాం.

ఒకే సంగతిని మూడు రకాలుగా అడిగిస్తాను, చూడండి.

"ఈ మాట నువ్వు చెప్పావా?"

"ఈ మాట చెప్పింది నువ్వా?"

"నువ్వా ఈ మాట చెప్పేది?"

మొదటిది సమాచారం కోసం అడిగిన ప్రశ్న. రెండో దానిలో అనుమానం మనిషి మీదికి వచ్చింది. మూడోది చదివేటప్పుడు "నువ్వా" దగ్గర గొంతు తనంతట తానే లేస్తుంది. మనసు నొచ్చుకున్న మనిషి నోటి నుంచి వచ్చిన మాట అని పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ ఆశ్చర్యార్థకం చేర్చితే కొత్తగా ఒరిగేది ఏమీ లేదు. ప్రశ్నను సూచించే దీర్ఘాన్ని ఏ మాటకు తగిలిస్తే ఆ మాట మీద ఊనిక పడుతుంది. వాక్యం మొత్తానికి కలిపి చివర ఒక గుర్తు పెట్టడం కన్నా ఇది ఎంతో సూక్ష్మమైన పనిముట్టు.

"ఏ" కారం సంగతీ అంతే. "నేను చూశాను", "నేనే చూశాను", "నేను చూడనే లేదు" అన్నవి మూడు వేర్వేరు గొంతులు. మూడోదానిలో క్రియను చీల్చి మధ్యలో "ఏ" కూర్చుంది. అబద్ధమాడుతూ దొరికిపోయినవాడు అచ్చం అలాగే అంటాడు. ఇక "చెప్పలేదా?" అన్నదాన్నీ "చెప్పలేదూ?" అన్నదాన్నీ పక్కపక్కన పెట్టి పైకి చదవండి. మొదటిదానికి జవాబు కావాలి. రెండోది నిష్ఠూరం, జవాబు ఏమిటో అడిగినవాళ్లకు ముందే తెలుసు. "ఏమిటి?" అంటే వినపడలేదనో, అర్థం కాలేదనో అనుకోవచ్చు. "ఏమిటీ?" అంటే విన్నది నమ్మలేకపోతున్నాడని అర్థం. ఆ చివరి దీర్ఘం పెట్టాక దాని పక్కన మూడు గుర్తులు వరసగా నిలబెట్టాల్సిన పని లేదు.

కోపాన్నీ విసుగునూ పొడిగా, ఫుల్‌స్టాప్‌తోనే ఎంత దూరం తీసుకుపోవచ్చో ఈ మెట్లు చూస్తే తెలుస్తుంది: "వస్తాను." "వస్తానులే." "వస్తానుగా." "వస్తానన్నానుగా." మొదటిది మామూలు మాట. రెండోది బతిమాలితే ఒప్పుకున్నట్టుంది. మూడోదానిలో కొంచెం చిరాకు ఉంది. నాలుగోది ఇంకొక్కసారి అడిగితే తగవు అయ్యేలా ఉంది. మొత్తంలో ఎక్కడా ఆశ్చర్యార్థకం లేదు. అసలు, ఇంతకీ, మరి, కదా, పోనీ వంటి చిన్న మాటలను చాలామంది దిద్దుబాటులో అనవసరమని కొట్టేస్తారు. కథనంలో కొట్టేయండి, అభ్యంతరం లేదు. సంభాషణలో మాత్రం పాత్ర గొంతు వాటిలోనే ఉంటుంది.

మాటను రెండుసార్లు అనడం కూడా పాత ఉపాయమే. ఔరౌర, ఆహాహా అంటూ బడిలో ఆమ్రేడిత సంధి చదువుకున్నాం కదా. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి దానికి ప్రత్యేకంగా సూత్రమే రాశాడు. పరీక్ష అయిపోగానే దాన్ని మరిచిపోయాం కానీ, కంగారులో మనిషి ఇప్పటికీ "వద్దు వద్దు", "ఆగాగు", "ఏదేదీ" అనే అంటాడు. "వద్దు!!" అని రాసేవాళ్లు ఒకసారి "వద్దు వద్దు" అని రాసి చూసుకోండి. పాత్ర చెయ్యి అడ్డం పెట్టినట్టు కూడా కనిపిస్తుంది.

అన్నింటికన్నా నాకు ఇష్టమైనది మరొకటి ఉంది, సంబోధన మారడం. రోజూ "నువ్వు" అనే భార్య ఆ రోజు "తమరు చెప్పాక ఇంక మేమెంత" అంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని పాఠకుడికి వెంటనే తెలుస్తుంది. ఎప్పుడూ "మీరు" అనే అల్లుడి నోట ఒక్కసారి "నువ్వు" వస్తే అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. "ఒరే" అని పిలిచే అన్న తమ్ముణ్ని పూర్తి పేరుతో పిలిచినా అంతే. ఇలాంటి చోట ఆశ్చర్యార్థకం పెడితే, పాఠకుడు తనంతట తాను పట్టుకునే సంగతిని మీరు వేలు పెట్టి చూపించినట్టవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న సన్నివేశంతో చూపిస్తాను. ఇది మీ కథలోది కాదు, ఉదాహరణ కోసం నేనే రాశాను. అన్న తమ పొలం అమ్మేశాడని చెల్లెలికి అప్పుడే తెలిసింది.

"అన్నయ్యా!! నువ్వు పొలం అమ్మేశావా!?"

"అవును! అమ్మేశాను! అయితే ఏమిటి!?"

"నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు...!! నాన్న ఉంటే ఇలా జరిగేదా!!"

"నాన్న పేరు ఎత్తవద్దు!!!"

గుర్తులన్నీ తీసేస్తే ఇది మీరు చెప్పినట్టే నీరసంగా తయారవుతుంది. ఉంచితే ఇద్దరూ మొదటి మాట నుంచే అరుచుకుంటున్నారు కాబట్టి చివరి మాటకు వచ్చేసరికి పెంచడానికి చోటు మిగలలేదు. అందుకే అక్కడ మూడోది అవసరమైంది. దీన్ని ఇలా మార్చి రాద్దాం.

"పొలం అమ్మేశావా అన్నయ్యా?"

"అమ్మేశాను. అయితే?"

"నాతో ఒక్క మాట అనాలనిపించలేదూ?"

అతను అద్దంలోకి చూస్తూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నాన్నే ఉండి ఉంటే..."

"నాన్న ఊసెత్తకు!"

"అయితే ఏమిటి" కన్నా "అయితే?" మొరటుగా ఉంది, ఎందుకంటే అతను వాక్యం పూర్తి చేసే శ్రమ కూడా తీసుకోలేదు. "అనిపించలేదూ" లోని దీర్ఘంలో నిష్ఠూరం ఉంది. "నాన్నే" లోని ఏ కారం ఇంటి పెద్దరికం ఎవరిదో గుర్తు చేస్తోంది. అంతవరకూ తొణకని మనిషి చివరి మాటలో తొణికాడు. ఆ ఒక్క చోటే ఆశ్చర్యార్థకం ఉంది. అది తీసేస్తే సన్నివేశం దెబ్బతింటుంది కాబట్టి దాన్ని ఏ సంపాదకుడూ కొట్టేయడు. ఏ గుర్తునైనా మీరు ఈ పరీక్షకే పెట్టండి: తీసేస్తే పాఠకుడు ఆ మాటను వేరే గొంతుతో చదువుతాడా? చదివేటట్టయితే ఉంచండి.

కచ్చితంగా ఉంచాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. అవి చాలావరకు ఒకటి రెండు మాటల జవాబులు. "సరే." "సరే!" "సరే..." ఈ మూడింటిలో ఒప్పందం, ఉత్సాహం, అయిష్టం ఉన్నాయి. మాటలో తేడా లేనప్పుడు గుర్తు తప్ప వేరే దారి లేదు. "బాగుంది", "వచ్చాడు", "నువ్వు" వంటివీ అంతే. ప్రశ్నను సూచించే ప్రత్యయం లేకుండా గొంతుతో మాత్రమే అడిగే ప్రశ్నలున్నాయి: "ఒక్కడివే?" "అప్పుడే?" "ఇంత రాత్రివేళ?" వీటికి ప్రశ్నార్థకం పెట్టకపోతే పాఠకుడు తడబడతాడు. దీనికి ఎదురుగా, ప్రశ్నలాంటి వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టడం కూడా మంచి ఉపాయమే. "నిన్ను ఎవరు అడిగారు?" అంటే ఇంకా మాట్లాడటానికి చోటుంది. "ఎవరు అడిగారు నిన్ను." అంటే తలుపు వేసినట్టే. మాటల వరస తిరగేసి, ప్రశ్నార్థకం తీసేస్తే అణచిపెట్టిన కోపం వస్తుంది. దీన్ని కథలో ఒకటి రెండు చోట్లకు మించి వాడకండి. పత్రికలో ప్రూఫులు చూసేవాళ్లు పొరపాటనుకుని ప్రశ్నార్థకం చేర్చే ప్రమాదం ఉంది కాబట్టి కావాలనే పెట్టానని పక్కన రాసి పంపండి.

ఆశ్చర్యార్థకం అంటే అరుపు అనే అభిప్రాయం కూడా వదిలించుకోవాలి. గొంతు తగ్గించి "పాము!" అనవచ్చు. గుసగుసలో కూడా తొందర ఉంటుంది. అలాంటి చోట గుర్తును ఉంచి, గొంతు తగ్గిన సంగతిని కథనంలో చెప్పండి.

కథనం అంటే గుర్తొచ్చింది. మన వాక్యంలో "అన్నాడు", "అరిచాడు" చివరికి వస్తాయి, గుర్తూ మాట చివరే వస్తుంది. స్పానిష్‌లో ఆశ్చర్యార్థకాన్ని వాక్యం మొదట్లో కూడా తలకిందులుగా పెడతారు కాబట్టి పాఠకుడు ముందే సిద్ధమవుతాడు. మనకు ఆ సదుపాయం లేదు. నాలుగు వాక్యాల మాటను పాఠకుడు మామూలు గొంతుతో చదువుకుంటూ పోయాక, చివర ఎదురైన "అని గద్దించాడు" చూసి వెనక్కి వెళ్లి గొంతు మార్చుకోవాల్సి వస్తుంది. దీనికి సులువైన విరుగుడు ఉంది. పాత్ర చేసే పనిని మాటకు ముందు పెట్టండి. "అతను గ్లాసు బల్ల మీద చరిచినట్టు పెట్టాడు" అన్నాక వచ్చే మాట ఎంత పొడిగా ఉన్నా కోపంగానే వినిపిస్తుంది. లేదా మొదటి చిన్న మాట తర్వాత కథనాన్ని ఆపండి: "చాలు," అని కసిరింది. "నాకేమీ చెప్పకు." క్రియ విషయంలో తెలుగుకు కరువు లేదు. కసిరింది, గదమాయించాడు, రెట్టించాడు, నసిగాడు, సణిగింది, గొణిగాడు, దబాయించాడు అన్నవి ఒక్కోటి ఒక్కో రకం గొంతు. అయితే "అరిచాడు" అని రాసినచోట ఆశ్చర్యార్థకం కూడా పెడితే ఒకే సంగతిని రెండుసార్లు చెప్పినట్టు. రెండింటిలో ఒకటి చాలు. చాలాసార్లు ఒట్టి "అన్నాడు" చాలు, ఎందుకంటే దాన్ని పాఠకుడి కన్ను గమనించకుండానే దాటిపోతుంది.

రెండు మూడు కలిపి పెట్టడం గురించి అడిగారు. నా చేతి మీదుగా వెళ్లే కథల్లో వాటిని ఒకటికి తగ్గిస్తాను, మినహాయింపులు తర్వాత చెబుతాను. రెండోది చేరగానే మొదటిది చాలలేదని రచయితే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ తర్వాత పేజీల్లో ఒకటే ఉన్నచోట్లన్నీ చిన్నబోతాయి.

"!?" వ్యవహారం వేరు. నమ్మలేనితనం, ప్రశ్న నిజంగానే ఒకేసారి వస్తాయి. 1962లో మార్టిన్ స్పెక్టర్ అనే అమెరికన్ ప్రకటనల రంగ నిపుణుడు ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి ఇంటరోబ్యాంగ్ అనే కొత్త గుర్తును ప్రతిపాదించాడు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్ పట్టికలో కూడా అది చేరింది కానీ వాడుకలో నిలబడలేదు. ఆ దేశంలో అలాంటి గుర్తు అవసరమని ఒకరికి తోచడంలో ఆశ్చర్యం లేదు. మనకు "ఏమిటీ?", "నువ్వూనా?", "వాడా?" ఉండగా అది చాలా అరుదుగా తప్ప అవసరం పడదు. పెట్టాలనిపిస్తే ప్రశ్నార్థకాన్ని మాత్రమే ఉంచి, మాట చివరి దీర్ఘాన్ని సరిచూసుకోండి.

ఇక చుక్కలు, అడ్డగీత. మీ ప్రశ్నలో ఇవి చివర వచ్చాయి కానీ నా దృష్టిలో తెలుగు కథకుడికి ఆశ్చర్యార్థకం కన్నా ఇవే ముఖ్యం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషులో ఒక మనిషి మాటకు మధ్యలో అడ్డం వస్తే, క్రియ అప్పటికే బయటపడి ఉంటుంది, కర్మ మాత్రం ఆగిపోతుంది. మన దగ్గర తెగిపోయేది క్రియే. "నిన్న మీ అన్నయ్యని—" అన్నచోట తలుపు చప్పుడైందనుకోండి. అన్నయ్యని చూశాడా, కొట్టాడా, పోలీసులకు పట్టించాడా? ఉత్కంఠ అంతా ఆ రాని మాటలో ఉంది. పైగా ఎక్కడ తెంపాలో ఎంచుకునే స్వేచ్ఛ మీదే. "మీ అన్నయ్య—" అంటే ఏమీ తెలియదు. "మీ అన్నయ్యని—" అంటే అతనికి ఏదో జరిగింది. "మీ అన్నయ్యతో—" అంటే ఇద్దరూ కలిసి ఏదో చేశారు. "మీ అన్నయ్య వల్ల—" అంటే నింద మొదలైంది. ఒక్క విభక్తితో పాఠకుడికి ఎంత చెప్పాలో, ఎంత దాచాలో తూకం వేసుకోవచ్చు. ఇంతటి సౌకర్యం ఉండి కూడా చాలామంది మాట మొదట్లోనే తెంపేసి "నువ్వు... నువ్వు..." అని ఊరుకుంటారు.

తెగిపోయిన మాటకు అడ్డగీత, సన్నగిల్లిన మాటకు చుక్కలు అనే తేడా పాటించండి. ఎవరో అడ్డుపడితే, లేదా మనిషే ఠక్కున నాలుక కరుచుకుంటే అడ్డగీత. చెప్పలేక, చెప్పదలుచుకోక మాట జారిపోతే చుక్కలు. తెలుగులో మాటలు సహజంగా జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి: "నువ్వు వస్తావేమోనని...", "అడిగితే...", "చూస్తూ చూస్తూ...", "అంత మాట అన్నాక...". ఇలా అసమాపక క్రియ దగ్గరో, "అయితే" అర్థం వచ్చే చోటో ఆపితే మిగతాది పాఠకుడు పూరించుకుంటాడు. సమాపక క్రియ అయిపోయాక "వెళ్లిపోయాడు..." అని చుక్కలు పెడితే అక్కడ ఇక జారడానికి ఏమీ మిగలలేదు. అది రచయిత నిట్టూర్పు, పాత్రది కాదు. వారపత్రికల సీరియళ్లలో ఈ అలవాటు విపరీతంగా ఉండేది, ఇప్పుడు ఫోన్లలో చదివే ధారావాహికల్లో మళ్లీ కనిపిస్తోంది. చుక్కలు మూడే పెట్టండి. రెండు పెడితే అచ్చుతప్పులా, ఆరు పెడితే ఖాళీ పూరించమన్న పరీక్ష ప్రశ్నలా ఉంటుంది. మూడు చుక్కల పక్కన ఆశ్చర్యార్థకం ఎప్పుడూ వద్దు. గొంతు సన్నగిల్లడమూ పెరగడమూ ఒకే క్షణంలో జరగవు.

దూరం నుంచి పిలిచే పిలుపు ఒకటి మిగిలింది. "సీతా..." అంటే ఏటి అవతల ఉన్న సీతను కేకేసినట్టా, మంచం మీద నుంచి నీరసంగా పిలిచినట్టా? చుక్కలతో ఆ సంగతి తేలదు. ఈ ఇబ్బంది మనకంటే ముందు పాణినికి ఎదురైంది. "దూరాద్ధూతే చ" అనే సూత్రంలో దూరం నుంచి పిలిచేటప్పుడు చివరి అచ్చు ప్లుతం అవుతుందని, అంటే దీర్ఘం కన్నా ఎక్కువగా సాగుతుందని చెప్పాడు. రాతలో దాన్ని సూచించడానికి అచ్చు పక్కన 3 అంకె వేసే సంప్రదాయం ఉంది. మూడు మాత్రల కాలం అని దాని భావం. కథలో అంకె వేయలేం కానీ తెలుగు మనకు వేరే దారులు ఇచ్చింది. "ఓ సీతా!", "సీతోయ్!", "ఏమండోయ్!" అన్నవి కాగితం మీద కూడా దూరం నుంచే వినిపిస్తాయి. పాటల, నాటకాల పుస్తకాల్లో "రాఽఽ" అని అవగ్రహం వాడతారు, అదీ చక్కటి పద్ధతే. దీర్ఘం గుర్తునే రెండు మూడు సార్లు కొట్టి సాగదీయాలని మాత్రం చూడకండి. చాలా ఫోన్లలో, కంప్యూటర్లలో అక్షరం పక్కన చుక్కలతో చేసిన సున్న ప్రత్యక్షమవుతుంది.

ఎన్ని ఉండవచ్చన్న మీ మొదటి ప్రశ్నకు వస్తాను. అమెరికన్ నవలాకారుడు ఎల్మోర్ లెనార్డ్ 2001లో న్యూయార్క్ టైమ్స్ వ్యాసంలో లక్ష మాటల వచనానికి రెండు మూడు ఆశ్చర్యార్థకాలకు మించి వద్దన్నాడు. రచనా శిక్షణ తరగతుల్లో దీన్ని తెలుగువాళ్లకూ వల్లె వేయిస్తున్నారు. ఆ లెక్క మనకు కుదరదు. "రాలేకపోయాను" అన్న మన ఒక్క మాటకు ఇంగ్లీషులో నాలుగైదు మాటలు కావాలి, కాబట్టి మాటల లెక్కే వేరు. రెండు వేల మాటల కథకు ఆ నిష్పత్తిలో ఒక్కటి కూడా రాదు. పైగా మన సంభాషణల్లో పిలుపులు, ఊతపదాలు, అయ్యో, అమ్మో, అబ్బ, ఛీ వంటివి సహజంగానే ఎక్కువ. "అయ్యో" తర్వాత కామా పెట్టి వాక్యం సాగిస్తే చాలాసార్లు సరిపోతుంది. "అమ్మో" ఒక్కటే నిలబడితే ఆశ్చర్యార్థకం అడుగుతుంది. నేను అంకె చెప్పను. సన్నివేశంలో గొంతు అన్నింటికన్నా పైకి లేచిన చోటు ఏదో వెతకండి, అది ఒక్కటే ఉంటుంది. గుర్తు అక్కడ ఉంచి, మిగతా వాటిని ఒక్కొక్కటిగా ప్రశ్నించండి.

మినహాయింపులు చెబుతానన్నాను. చిన్నపిల్లల కథల్లో గుర్తులు కొంచెం ధారాళంగా ఉండవచ్చు. వాటిని పెద్దవాళ్లు పైకి చదివి వినిపిస్తారు, గుర్తులు వాళ్లకు ఆసరా. రంగస్థలానికో రేడియోకో రాసే నాటకంలో కూడా అంతే. అక్కడ గుర్తు నటుడికి ఇచ్చే సూచన, శ్రోత దాన్ని చూడడు. నాటకాలు రాసి కథల్లోకి వచ్చినవాళ్ల రాతప్రతుల్లో గుర్తులు ఎక్కువగా ఉండటానికి ఇదే కారణమని నాకు అనిపిస్తుంది. పాత్రలు ఫోన్‌లో పంపుకునే సందేశాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాయండి. "వచ్చేశావా!!!" అని పంపే మేనత్త, "సరే." అని పంపే కొడుకు ఎలాంటివాళ్లో ఆ గుర్తులే చెబుతాయి. ప్రతి మాటనూ హోరెత్తించే పాత్ర ఒకటి ఉంటే గుర్తులన్నీ దానికే ఇచ్చేసి, చుట్టూ ఉన్నవాళ్లను ఫుల్‌స్టాప్‌లతో మాట్లాడించండి. అప్పుడు అది ఆ మనిషి గుణం అవుతుంది. మాండలికంలో రాసే సంభాషణలకు గుర్తుల అవసరం ఇంకా తక్కువ. ఏ ప్రాంతపు మాటైనా దాని యాసలోనే ఊనిక ఉంటుంది, మీరు విన్నది విన్నట్టు రాస్తే చాలు.

మీ కథను ఇప్పుడు ఎలా దిద్దుకోవాలంటే, గుర్తులున్న పాత ప్రతిని అలాగే దాచి, తీసేసిన ప్రతిని మీ ఇంట్లో కథ తెలియని ఒకరి చేత పైకి చదివించండి. మీరు చదవకండి, మీ చెవిలో ఆ గొంతులు ముందే ఉన్నాయి. వాళ్లు తప్పు గొంతుతో చదివిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీతల దగ్గర ముందు మాట చివరను మార్చి చూడండి. కుదరకపోతే మాటల వరస మార్చండి, లేదా ముందు ఒక చిన్న పని పెట్టండి. అప్పటికీ కుదరని చోట గుర్తు పెట్టండి.

పత్రికకు మళ్లీ పంపే ముందు కంటికి ఆనని కొన్ని పొరపాట్లు చూసుకోవాలి. ఆశ్చర్యార్థకానికీ ప్రశ్నార్థకానికీ ముందు ఖాళీ వదలకండి. వదిలితే పేజీ కట్టేటప్పుడు గుర్తు ఒంటరిగా కింది పంక్తి మొదట్లోకి దిగిపోతుంది. తెలుగు రాతప్రతుల్లో ఇది ఎంత తరచుగా కనిపిస్తుందో చెప్పలేను. గుర్తు ఎప్పుడూ ఉటంకింపు లోపలే ఉండాలి, దాని తర్వాత "అని" వస్తే మధ్యలో కామా అక్కర్లేదు: "వస్తావా?" అని అడిగింది. యూనికోడ్ కాని పాత "అను" రకం ఫాంట్లలో టైపు చేసిన కథను యూనికోడ్‌కు మార్చి ఉంటే అడ్డగీతలు, ఉటంకింపు గుర్తులు మారిపోయాయేమో పంక్తి పంక్తీ చూసుకోండి. "మీ అన్నయ్యని—" దగ్గర అడ్డగీత ఎగిరిపోయి "మీ అన్నయ్యని" అని మిగిలితే సంపాదకుడికి అది అసంపూర్తి వాక్యంలా కనిపిస్తుంది, తన చేత్తో ఏదో ఒక క్రియ చేర్చి పూర్తి చేస్తాడు.